డాక్టర్ ‘ఎప్పటి నుంచి?’ అని అడిగితే: ఫోన్‌లోని సెర్చ్ హిస్టరీ చూసి ఒక పేజీ చీటీ రాసుకోవడం ఎలా

కర్నూలు పెద్దాసుపత్రికి దగ్గర్లోనే మాది చిన్న నెట్ సెంటర్. జెరాక్సులు, ఆధార్ ప్రింట్లు, ఆభా కార్డులు, ఇదీ రోజువారీ పని. ఈమధ్య వారానికి ఇద్దరు ముగ్గురైనా వచ్చి ఒకటే అడుగుతున్నారు: “అన్నా, జబ్బు గురించి నేను ఫోన్‌లో వెతికిందంతా ప్రింట్ తీసియ్, డాక్టరు సారుకు చూపియ్యాల.” ఆదోని వాళ్ళూ ఇదే, డోన్ వాళ్ళూ ఇదే. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మొదట్లో నేనూ అడిగినంతా ప్రింట్ తీసిచ్చేవాణ్ణి. ఒకాయనకి పదకొండు పేజీలు తీసిచ్చాను. అరగంటలో తిరిగొచ్చాడు. డాక్టరు పై పేజీ చూసి పక్కన పెట్టేశారట. తప్పు డాక్టరుది కాదు. బయట వందమంది వరసలో ఉంటే పదకొండు పేజీలు ఎవరు చదువుతారు? అందులో ముప్పాతిక భాగం ‘ఈ జబ్బు ప్రాణాంతకమా’ లాంటి ప్రశ్నలే.

నేను డాక్టర్‌ని కాను. కానీ ఇన్నాళ్ళు చూశాక ఒకటి అర్థమైంది. ఫోన్ చెప్పే జబ్బు పేరుతో డాక్టర్‌కి పని లేదు. ఫోన్‌లో దాక్కున్న తేదీలతోనే పని. అది మా ఇంట్లోనే తెలిసొచ్చింది.

మా చిన్నాయనది పత్తికొండ దగ్గర పల్లె. ఆటో తోలతాడు. దగ్గు అంటే ఇక్కడికి పిలిపించి చూపించాను. “ఎన్నాళ్ళ నుంచి?” అని డాక్టర్ అడిగారు. “ఓ వారం, పది దినాలు సార్” అన్నాడు. పక్కనున్న నేనూ తలూపాను. సిరప్ రాసిచ్చారు. ఇంటికొచ్చాక రీచార్జ్ చెయ్యమని ఫోన్ నా చేతికిచ్చాడు. గూగుల్‌లో వేలు పెడితే పాత వెతుకులాటలు బయటపడ్డాయి. ‘దగ్గు తగ్గాలంటే ఏం తాగాలి’ అని మైకులో అడిగింది దసరాకు ముందు! మేం ఆస్పత్రికి పోయింది కార్తీకంలో. అంటే ఆరు వారాలు. మధ్యలో ‘రాత్రి చెమటలు ఎందుకు పడతాయి’ అని ఒకటి, ‘ఆకలి పుట్టడానికి మందు’ అని ఇంకొకటి. ఆయన అబద్ధం చెప్పలేదు. దగ్గు అలవాటైపోయి, బాగా ముదిరిన రోజు నుంచే లెక్కపెట్టుకున్నాడు, అంతే.

ఆ తేదీలు కాగితం మీద రాసుకుని మళ్ళీ పోయాం. ఈసారి కఫం పరీక్షకు రాశారు. టీబీ అని తేలింది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించాలన్నది దేశమంతా పాటించే పద్ధతి. మేం ‘వారం’ అన్నందుకు ఆ లెక్కలోకి రాలేదు. ఇప్పుడు ఆరు నెలల కోర్సు నడుస్తోంది, ఆకలి కూడా వచ్చింది.

మీరు చేసుకోవాల్సిందీ అదే, ఒక పేజీ చీటీ.

ఫోన్ తీయకూడని సందర్భాలు

ఛాతీలో బరువు, నొప్పి, దాంతో పాటు చెమటలు. ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం. ఊపిరి ఆడకపోవడం. ఫిట్స్. పాము కాటు, పురుగుల మందు తాగడం. గర్భిణికి రక్తస్రావం. వీటిలో ఏదున్నా వెతకొద్దు, చీటీ రాయొద్దు. 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. సెర్చ్‌లో కూర్చుంటే అందులో అరగంట తెలియకుండానే పోతుంది. అప్పుడు డాక్టర్‌కి కావాల్సిన సమయం ఒక్కటే: మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు అనేది. అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

పాము కాటైతే కట్టు గట్టిగా బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. వేరుశనగ చేలో కరిచిన పాము ఏదో గూగుల్ బొమ్మల్లో పోల్చుకుంటూ కూర్చున్నవాళ్ళని చూశాను. విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి ముందు చేరండి.

కావలసినవి

జబ్బు పడిన మనిషి రోజూ వాడే ఫోన్. అందులోని గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ లేదా స్క్రీన్ లాక్ నంబర్ (కొన్నిసార్లు ‘మీరేనా’ అని మళ్ళీ అడుగుతుంది). ఒక తెల్ల కాగితం, పెన్ను. గోడ క్యాలెండర్ ఉంటే మంచిది, పండగలు తెలుగు లెక్కలో ఉంటాయి కాబట్టి. పాత చీటీలు, మందుల అట్టలు, ల్యాబ్ కాగితాలు దొరికినన్ని. ముప్పావు గంట సమయం. అన్నిటికంటే ముఖ్యం, ఆ మనిషి ఒప్పుకోలు. మీ అమ్మ ఫోనైనా, భార్య ఫోనైనా సరే, అడిగి, పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

1. ఆ ఫోన్ ఎవరెవరు వాడతారో ముందు తేల్చుకోండి

దీన్ని అందరూ వదిలేస్తారు. మన ఇళ్ళల్లో ఒక ఫోన్ ముగ్గురి చేతులు మారుతుంది. ఒకామె హిస్టరీలో డెంగ్యూ గురించి పదిహేను సార్లు వెతికినట్టుంది. ఆమెకు జ్వరమే లేదు. కొడుకు స్కూల్ ప్రాజెక్టు! అందుకే చూసిన ప్రతి దానికీ “ఇది నువ్వే వెతికావా?” అని అడగాలి. గుర్తు లేదంటే దాన్ని చీటీలో చేర్చొద్దు.

2. హిస్టరీ తెరవండి

గూగుల్ యాప్ తెరిచి, పైన కుడి మూలనున్న గుండ్రటి ఫొటో నొక్కండి. ‘సెర్చ్ హిస్టరీ’ అని వస్తుంది. ఫోన్ తెలుగులో పెట్టుకుని ఉంటే ఆ మాట తెలుగులో కనిపిస్తుంది. నొక్కితే తేదీల వారీగా, టైముతో సహా మీరు వెతికినవన్నీ వస్తాయి. తేదీ ఎంచుకునే ఫిల్టర్ కూడా అక్కడే ఉంటుంది. గత మూడు నెలలు పెట్టుకోండి చాలు. సంవత్సరాలుగా ఉన్న జబ్బైతే ఇంకా వెనక్కి పోండి.

మన వైపు చాలామంది చదవరు, వీడియోలే చూస్తారు. కాబట్టి యూట్యూబ్ హిస్టరీ వదలొద్దు. యూట్యూబ్ యాప్‌లో కింద కుడివైపు మీ ఫొటో నొక్కితే హిస్టరీ ఉంటుంది. ‘మోకాళ్ళ నొప్పులకు మెంతులు’ వీడియో చూసిన తేదీ కూడా తేదీయే.

ఏమీ కనబడకపోతే మూడు కారణాలు ఉండొచ్చు. మనం వెతికినవి ఖాతాలో దాచిపెట్టే ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ అనే సెట్టింగ్ ఆపేసి ఉండటం ఒకటి. ఇన్‌కాగ్నిటోలో వెతకడం రెండోది, అందులో చూసింది ఖాతాలో దాచదు. మూడోది, పాతవి వాటంతట అవే చెరిగిపోయేలా పెట్టి ఉండటం. మూడు, పద్దెనిమిది, ముప్పై ఆరు నెలలు దాటినవాటిని చెరిపే వీలుంది. అప్పుడు క్రోమ్ బ్రౌజర్‌లో మూడు చుక్కలు నొక్కి అక్కడి హిస్టరీ చూడండి. దాదాపు తొంభై రోజులవి ఉంటాయి. అదీ లేకపోతే కింద ఐదో మెట్టుకు పోండి, హిస్టరీ లేకుండా కూడా పని జరుగుతుంది.

3. ఒకే మాటను మూడు రకాలుగా వెతకండి

హిస్టరీ పైన వెతికే గడి ఉంటుంది. ‘దగ్గు’ అని తెలుగులో కొట్టి చూడండి. తర్వాత అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, మనం వాట్సాప్‌లో కొట్టినట్టు. తర్వాత కాఫ్ అని అచ్చమైన ఇంగ్లీషులో. మూడూ వేర్వేరుగా దొరుకుతాయి. మైకులో మాట్లాడినవైతే మరీ జాగ్రత్త. మన మాటను మైకు సరిగ్గా పట్టుకోదు. చిన్నాయన ‘జరం’ అన్నదల్లా ‘వరం’ అని పడి ఉంది. ఏ దేవుడి పాటో వెతికాడేమో అనుకుని దాటేయబోయాను. తేదీల వెంట వేలు పెట్టి మెల్లగా దిగడమే దీనికి మందు.

మాత్రల పేర్లు కూడా వెతకండి. ‘ఈ టాబ్లెట్ దేనికి’, ‘డోలో రోజుకు ఎన్ని’ లాంటివి బంగారం. ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో నోటితో అడిగితే ‘ఏదో తెల్ల మాత్ర’ అంటారు. ఫోన్‌లో పేరు, తేదీ రెండూ ఉంటాయి. కిడ్నీ, కడుపు మంట, ఎలర్జీ కేసుల్లో డాక్టర్ మొదట అడిగేది ఈ మందుల సంగతే.

4. ఏరుకోండి

చీటీకి పనికొచ్చేవి ఇవే: ఒళ్ళు చెప్పిన మాటలు (నొప్పి, దగ్గు, చెమట, తిమ్మిరి, ఆకలి లేదు, మూత్రం మంట), మందుల పేర్లు, ప్రయాణాలు, కుక్క కాటు, కొత్త పని, నీళ్ళు మారడం లాంటి సంగతులు. పనికిరానివి జబ్బు పేర్లు. ‘లివర్ క్యాన్సర్ లక్షణాలు’ అని వెతికిన తేదీ భయం పుట్టిన తేదీ మాత్రమే.

ఇంకో పని చేయండి. చదివిన తర్వాత ‘అరె, నాకూ ఇది ఉంది కదా’ అనిపించిన లక్షణాల పక్కన చుక్క పెట్టుకోండి. చదవకముందే ఒంట్లో తెలిసినవాటికి చుక్క అక్కర్లేదు. ఒక జబ్బు గురించి పదినిమిషాలు చదివితే ఎవరికైనా చెయ్యి తిమ్మిరెక్కినట్టే ఉంటుంది. ఇలా వెతికే కొద్దీ పెరిగే టెన్షన్‌కు సైబర్‌కాండ్రియా అని పేరు కూడా ఉంది. చుక్క ఉన్నవాటిని చీటీ చివర్లో, విడిగా రాయండి.

5. తేదీని ఇంకో దానితో సరిచూడండి

వెతికిన రోజే జబ్బు మొదలైన రోజు కాదు. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు వెతుకుతాం. కాబట్టి సెర్చ్ తేదీని ‘కనీసం ఈ రోజు నుంచి’ అని మాత్రమే అనుకోండి. వెనక్కి జరపడానికి సాక్ష్యాలు వెతకండి:

ఫోన్‌పే, గూగుల్‌పేలో మెడికల్ షాపుకు కట్టిన డబ్బులు. వీటికి మించింది లేదు, గంటా నిమిషంతో సహా ఉంటుంది. గ్యాలరీలో తీసిన మాత్రల అట్ట ఫొటో, దద్దుర్ల ఫొటో. ‘ఈరోజు పనికి రాలేను’ అని మేస్త్రీకి పెట్టిన వాట్సాప్ మెసేజ్. ఏదీ లేకపోతే పండగలు, పనులు పట్టుకుని అడగండి. “శనక్కాయ పీకేటప్పుడు ఉండిందా? కడప పెద్ద దర్గా ఉరుసుకు పోయొచ్చినప్పుడు నడిస్తే ఆయాసం వచ్చిందా? ఉగాది పచ్చడి తిన్నావా, రుచి తెలిసిందా?” పెద్దవాళ్ళకి ‘సెప్టెంబర్ చివర్లో’ అంటే తెలియదు. ‘దసరాకు ముందా, తర్వాతా’ అంటే వెంటనే చెప్తారు.

రెండు సాక్ష్యాలు కలిస్తే తేదీ రాయండి. ఒక్కటే ఉంటే పక్కన ‘సుమారు’ అని పెట్టండి.

6. చీటీ రాయండి

ఒక పేజీ, ఒక వైపే. చేత్తో. పన్నెండు వరసలు దాటొద్దు. చిన్నాయన చీటీ ఇలా ఉంది:

వయసు 52, ఆటో డ్రైవర్. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు.
సెప్టెంబర్ 24: పొడి దగ్గు (మొదటిసారి వెతికిన రోజు, అంతకు ముందే ఉండొచ్చు).
అక్టోబర్ 3: మెడికల్ షాపులో సిరప్, మాత్రలు. తగ్గలేదు.
అక్టోబర్ 14: రాత్రి చెమటలు. బనియన్ తడిసిపోతుంది.
అక్టోబర్ 22: ఆకలి లేదు. ప్యాంటు వదులైంది, బెల్టు రెండు రంధ్రాలు లోపలికి.
అక్టోబర్ 27, సుమారు: ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు. పేరు తెలియదు.
ఇప్పుడు: సాయంత్రం అయితే ఒళ్ళు వెచ్చబడుతుంది. కఫంలో రక్తం లేదు.
బీడీ: రోజుకు ఒక కట్ట, ఇరవై ఏళ్ళుగా.

చూడండి, ఎక్కడా టీబీ అన్న మాట లేదు. ‘బెల్టు రెండు రంధ్రాలు’ అన్నది డాక్టర్ గట్టిగా చదివారు. తూకం లేని ఇంట్లో బరువు తగ్గిందని చెప్పడానికి అంతకంటే మంచి కొలత లేదు. ‘లేదు’ అన్నవి కూడా రాయడం మరిచిపోవద్దు. రక్తం లేదు, వాంతులు లేవు, ఇలాంటివి.

ఆర్‌ఎంపీ సంగతి దాచేవాళ్ళు చాలామంది. డాక్టర్ తిడతారని. తిడితే తిడతారు, రాయండి. జ్వరానికి మూడు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడ్డాక కొన్ని పరీక్షల్లో జబ్బు సరిగ్గా బయటపడదు. ఆ సంగతి తెలియకపోతే రిపోర్టు ‘నార్మల్’ అని నమ్మేస్తారు.

7. డాక్టర్ ముందు

కూర్చోగానే ఫోన్ తీసి చూపించొద్దు. “గూగుల్‌లో చూశాను సార్” అని మొదలుపెట్టొద్దు. ఆ మాటతో సగంమంది డాక్టర్ల ముఖం మారిపోతుంది, వాళ్ళ బాధ వాళ్ళది. ముందు నోటితో ఒక్క వాక్యం: “ఆరు వారాలుగా దగ్గు సార్, తేదీలు రాసుకొచ్చాను.” చీటీ బల్ల మీద పెట్టండి. అడిగినవాటికి జవాబు చెప్పండి. భయపడుతున్న జబ్బు ఏదైనా ఉంటే చివర్లో అడగండి: “ఇది ఫలానాది కాదని ఎలా తెలుస్తుంది సార్?” ‘నాకు అదే ఉంది’ అని చెప్పడం కంటే ఈ ప్రశ్నకు మంచి జవాబు వస్తుంది.

పల్లెలో ఉండి ఈ-సంజీవని అనే ప్రభుత్వ సేవలో వీడియో కాల్ మీద చూపించుకునేవాళ్ళకి చీటీ ఇంకా అవసరం. అక్కడ డాక్టర్ చెయ్యి పట్టుకుని చూడలేరు, మీ మాటే ఆధారం. కాల్ కలిసే ముందే ఊళ్ళో నర్సమ్మకు గానీ ఆశా కార్యకర్తకు గానీ చీటీ చూపించండి.

8. కొత్తగా వెతకాలనుకుంటే

వెతకొద్దంటే మానుతారా? మానరు. కాబట్టి సరిగ్గా వెతకండి. జబ్బు పేరు లేకుండా వెతకాలి, లక్షణాలు మూడు నాలుగు కలిపి వెతకాలి, అందులో ఒకటైనా అరుదైనది ఉండాలి.

‘ఐదు రోజుల జ్వరం’ అని కొడితే సముద్రం. ‘జ్వరం, తలనొప్పి, తొడ సందులో నల్ల పక్కు, పొలం పని, ఇండియా’ అని కొట్టి చూడండి, స్క్రబ్ టైఫస్ పైకి వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న నల్లి పిల్ల (మంచం నల్లి కాదు, మైట్ అంటారు) కుడితే వచ్చే జ్వరం అది. మన రాష్ట్రంలో ఉన్న జబ్బే. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పి ఉండదు, పైగా చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది, ఎవరూ చూడరు. అందరిలోనూ పక్కు కనబడదు, లేదంటే ఆ జబ్బు కాదని కాదు. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఇక్కడ గూగుల్ చేసే మేలు ‘ఒంటి మీద పక్కు ఉందేమో చూసుకో’ అని గుర్తుచేయడం. చూసుకుని, ఉంటే చీటీలో ఎక్కడుందో రాయండి. మాత్ర కొనడం మాత్రం డాక్టర్ రాశాకే.

‘ఇండియా’ అన్న మాట చేర్చడం ఎందుకంటే, పైన వచ్చే పేజీలు ఎక్కువగా అమెరికావి. అక్కడివాళ్ళకి జ్వరం అంటే మొదట గుర్తొచ్చేవి వేరు, మనకి వేరు.

ఇది ఎంతవరకు పనిచేస్తుందో 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు డాక్టర్లు పరీక్షించారు. కష్టమైన 26 కేసులు తీసుకుని, ఒక్కో దానికి మూడు నుంచి ఐదు మాటలు ఎంచి గూగుల్‌లో వెతికారు. 15 కేసుల్లో సరైన జబ్బు దొరికింది. మాటలు ఎంచింది డాక్టర్లు, అయినా 11 తప్పాయి. మన చేతిలో ఎన్ని తప్పుతాయో మీరే లెక్కేసుకోండి.

జనం ఎక్కువగా చేసే తప్పులు

వార్త చూసి వెతికినవి చీటీలో కలపడం. ఎవరో సినిమా నటుడు గుండెపోటుతో పోయారంటే ఆ వారం అందరి ఫోన్లలో ‘ఎడమ చెయ్యి నొప్పి’ ఉంటుంది. ఈ తప్పులో గూగులే పడింది. జనం వెతికే మాటల్ని బట్టి ఫ్లూ జ్వరాలు లెక్కగడతామని 2008లో ఫ్లూ ట్రెండ్స్ మొదలుపెట్టారు. 2012-13 చలికాలంలో అమెరికాలో అసలు లెక్కకు దాదాపు రెండింతలు చూపించింది. వార్తల హడావిడికి భయపడి వెతికినవాళ్ళూ అందులో కలిశారని అన్నారు. 2015లో ఆపేశారు. అందుకే తేదీ చూడగానే “ఆ రోజు నిజంగా నొప్పి వచ్చిందా, టీవీ చూసి వెతికావా?” అని అడగండి.

‘హిస్టరీ అంతా కంప్యూటర్‌కి ఇస్తే అదే చెప్తుంది కదా’ అనుకోవడం ఇంకొకటి. చదువుకున్న పిల్లలు ఇది ఎక్కువ అడుగుతారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2016లో తమ సెర్చ్ ఇంజిన్ బింగ్ వెతుకులాటల్లో క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్ జాడలు ముందే దొరుకుతాయేమో చూశారు. దొరికాయి, కానీ నూటికి ఐదు నుంచి పదిహేను కేసుల్లోనే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని పొరపాటున పట్టుకోకుండా గట్టి షరతు పెట్టుకుంటే వచ్చిన లెక్క అది. మిగతా ఎనభై ఐదు మందికి పైగా అందులో చిక్కనే లేదు. కాబట్టి ఏ యాప్ అయినా ‘మీకు ఏమీ లేదు’ అంటే ధైర్యపడిపోవద్దు.

సెర్చ్‌లో పైన వచ్చే ఏఐ జవాబుని చీటీలో ఎక్కించడం. వద్దు. అది మీ ఒళ్ళు చెప్పిన మాట కాదు.

సొంతంగా ల్యాబ్‌కు పోయి పరీక్షలు చేయించుకుని, ఆ రిపోర్టుని మళ్ళీ గూగుల్‌లో వెతకడం. ముఖ్యంగా రెండో రోజు జ్వరానికే వైడల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్త పరీక్ష) చేయించి ‘టైఫాయిడ్ పాజిటివ్’ అని వచ్చేవాళ్ళు. అంత తొందరగా ఆ పరీక్ష నమ్మదగింది కాదు. అది డాక్టర్లకి తెలుసు, గూగుల్‌లో పై వరసలో కనబడదు.

గుట్టు బయటపడకుండా

నెట్ సెంటర్ నడిపేవాడిగా చెప్తున్నా, మా కంప్యూటర్లో మీ గూగుల్ ఖాతా తెరవొద్దు. లాగౌట్ మరిచిపోతే మీ తర్వాత కూర్చున్నవాడికి మీ జబ్బులన్నీ కనబడతాయి. వాట్సాప్ వెబ్‌తో ఫొటోలు పంపినా పని కాగానే తీసేయమని నిలబడి చూడండి. మీ ఫోన్‌లోనే చూసి, చేత్తో కాగితం మీదికి ఎక్కించుకోండి.

అన్‌లాక్ చేసిన ఫోన్‌ని ఎవరికీ ఇవ్వొద్దు, ఆస్పత్రిలో కూడా. హిస్టరీలో నెలసరి, గర్భం, అప్పులు, మనసు బాగాలేకపోవడం అన్నీ ఉంటాయి. ఇంట్లోవాళ్ళ ఫోన్ చూస్తున్నప్పుడు చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట కనబడితే చీటీ పని పక్కన పెట్టి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మెత్తగా మాట్లాడండి. 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన నంబర్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అప్పటికప్పుడు ప్రమాదం ఉందనిపిస్తే 108.

చీటీ రాసుకున్నాక కావాలంటే హిస్టరీలో ఒక్కొక్కటీ చెరిపేసుకోవచ్చు. దీర్ఘకాలపు జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఆటో డిలీట్ మూడు నెలలకు కాకుండా పద్దెనిమిదికి పెట్టుకోవడం మేలు.

చీటీ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

ఏమీ తెలియని ఒక మనిషి చేతికిచ్చి నిమిషం చదవమనండి. కాగితం తిరిగి తీసుకుని మూడు అడగండి. ఎప్పటి నుంచి? ఎలా పెరిగింది? ఏం వాడారు? మూడింటికీ జవాబు వస్తే చీటీ బాగుంది. “ఏదో పెద్ద జబ్బులా ఉంది” అంటే మాత్రం మీ భయం చీటీలోకి ఎక్కిందని అర్థం, తిరగరాయండి.

డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాక ఇంకో పరీక్ష. చీటీలో లేనివి ఆయన ఏమేం అడిగారో వెనక రాసుకోండి. మా చిన్నాయనను ‘ఇంట్లో ఎవరికైనా దగ్గుందా’ అని అడిగారు. మాకు రాయాలని తట్టనే లేదు. చిన్నమ్మకూ పిల్లలకూ కూడా పరీక్ష చేయించమన్నారు. అప్పటి నుంచి దగ్గు చీటీలు రాసేవాళ్ళకి ‘ఇంట్లో’ అని ఒక వరస పెట్టమని చెప్తున్నాను.

మందు మొదలుపెట్టిన తేదీ అదే కాగితం కింద రాసి, రిపోర్టులతో పాటు ఫైల్లో పెట్టండి. మళ్ళీ పోయేటప్పుడు కొత్తది రాయక్కర్లేదు, దానికే రెండు వరసలు కలపండి. ఒక జెరాక్స్ ఇంట్లో ఉంచుకోండి. పదకొండు పేజీల ప్రింట్ల మీద నాకు వచ్చేంత లాభం దీని మీద రాదు, అయినా పర్లేదు.